చీపురుపుల్ల కొలత

గుర్రానికి నాలుగు కాళ్లు,
నాలుగింటికీ నాడాలున్నాయి.
నాకున్నవి రెండే.

జిలానీ బాబు సాలలో ఏడు పెళ్లిగుర్రాలు.
విజయనగరం చివర, జనపనార మిల్లు గోడ ఎనకాల,
మురుక్కాలవ పొంగితే ముందు మా వాకిట్లోకే వస్తాది.
వాననీరు, గుర్రాల ఉచ్చ, నానిపోయిన గడ్డి, లద్దె,
అన్నీ కలిసి మృగశిర నుంచి కార్తీకం దాకా
ఒకటే అడుసు.
చీపురు నిలబెడితే నిలబడిపోతాది.

మొదట ఉత్తికాళ్లే.
వేళ్ల సందులు పాసిపోయి తెల్లగా ఉబ్బితే
రాత్రి పసుపూ ఆముదమూ రాసి
పాత చీరముక్క కట్టుకునీదాన్ని.
తెల్లారితే మళ్లీ అదే అడుసు, అవే కాళ్లు.

తర్వాత గంటస్తంభం దగ్గిర రెండొందలకి నల్లబూట్లు.
చూపుకి ఇనపముక్కలే.
ఇరవై రోజులకి మడతపడే చోట గీత పడింది,
గీత నోరయ్యింది,
నోరు తాగడం మొదలెట్టింది.
సాయంత్రం తలకిందులు చేస్తే
ఒక్కో బూటులోంచి గ్లాసుడు నీళ్లు.
నీళ్లు రాకుండా కొన్నవి
వచ్చిన నీళ్లు పోకుండా కాసేయి.

జిలానీ బాబు మంచోడే.
"కొనుక్కో తవిటమ్మా, సగం నేనిస్తా" అన్నాడు.
ఆషాఢం, పెళ్లిళ్లు నేవు.
సగం అలాగే ఉండిపోయింది.
గుర్రం తలమీదకి మాత్రం
కొత్త ఈకల కుచ్చు వొచ్చింది, కలకత్తా నుంచి.

ఈసారి గట్టివే కొందామని
పాదం పక్కన చీపురుపుల్ల పెట్టి
మడమ దగ్గిర ఒక చివర ఆనించి
బొటనవేలు దగ్గిర విరిచి
కొంగున ముడేసుకుని తిరిగేను.
కోట జంక్షన్లో అడిగేను, రింగురోడ్డులో అడిగేను,
సిమెంటు సామాన్ల కొట్లో అడిగేను.
"ఎనిమిది నంబరు నుంచే వస్తాయమ్మా,
ఇవి మగోళ్ల పనికి" అన్నాడు కొట్టతను.
పేడ తీసేది మగోళ్లని
ఆ కంపెనీకి ఎవుడు చెప్పేడో.

ఎనిమిదే కొన్నాను, గోనెపీలికలు కుక్కేను.
మూడో రోజు అడుసు బూటుని పట్టుకుంది.
కాలెత్తేను.
కాలొచ్చింది, బూటు రానేదు.
లద్దె తట్ట నెత్తిమీద,
కొంగలాగ ఒంటికాలిమీద నిలబడి
ఎవురన్నా వస్తారా అని చూసేను.
తెల్లగుర్రం షబ్నమ్ చూసింది. అంతే.

నలభై రోజులకోసారి బొండపల్లి నుంచి
నాడాలు కొట్టే అప్పలసూరి వస్తాడు.
గిట్టని ఒళ్లో పెట్టుకుంటాడు, చెక్కుతాడు, రాస్తాడు,
ఇనుము కాల్చి ఆనించి చూస్తాడు,
వెంట్రుకవాసి తేడా ఉన్నా మళ్లీ కొలిమిలోకే.
"బిగువైతే కుంటుతాది, వదులైతే ఊడతాది" అంటాడు.
నాను తాడు పట్టుకుని వింటన్నాను,
కొంగుముడిలో పుల్ల గుచ్చుకుంటంది.

దొరికింది ఎక్కడంటే,
కాలవ పూడిక తీసే మున్సిపాలిటీ అసిరమ్మ దగ్గిర.
ఆఫీసోళ్లు ఆవిడికి ఐదో నంబరు ఇచ్చేరు.
ఆవిడ పాదం ఎనిమిది.
"మార్చండి బాబూ అంటే
సంతకం పెట్టేవు కదా, సరిపోయినట్టే అన్నారు"
అని నవ్వింది.
రెండేళ్లుగా బూట్లు మంచం కింద,
కవరైనా ఇప్పనేదు,
ఆవిడ ఉత్తికాళ్లతో కాలవలోకి.

పుల్ల తీసి లోపలికి దించేను.
అటు ఆనింది, ఇటు ఆనింది.

డబ్బులొద్దంది.
బీరపాదుకి రెండు గోనెలు లద్దె అడిగింది.
నా ఎనిమిది నంబరువి కడిగి, పీలికలు లాగేసి,
లద్దె మోసుకెళ్లిన రోజే ఆవిడ గుమ్మంలో పెట్టేను.
"ఒలమ్మా, నా కాలు నీకెలగ తెలిసిందే" అంది.

ఇయ్యాల పొద్దున్న వాన.
వాకిలి మధ్యలో, అన్నిటికన్నా లోతైన చోట
ఊరికే నిలబడ్డాను.
పిక్కల దాకా నీళ్లు.
అలవాటు కొద్దీ చూస్తన్నాను,
ఏ మూల నుంచి చల్లగా తగుల్తాదోనని.

షబ్నమ్ మెడ వంచి
బూటు వాసన చూసింది, పైనుంచి కింద దాకా.
నాడా కాదని తేల్చుకుని
గడ్డివైపు తిరిగింది.